సిమెంటు సంచి మీద మంచు

నాన్న ట్రంకు పెట్టె మూత ఎత్తగానే టర్బైను నూనె వాసన వచ్చింది. ఆయన పోయి రెండేళ్లయింది. పవర్ హౌసులో ఆఖరి షిఫ్టు దిగి అంతకంటే చాలా ఏళ్లయింది. అయినా ఆ ఖాకీ చొక్కాల్లోంచి వాసన పోలేదు. విశాఖపట్నంలో మా ఫ్లాటుకి రంగులు వేయిస్తుంటే అమ్మ ఆ పెట్టెని నా ముందుకు తోసి, ఉంచాల్సినవేవో పారేయాల్సినవేవో నువ్వే చూడు, నా వల్ల కాదు అనేసి వంటింట్లోకి వెళ్లిపోయింది. చొక్కాల కింద తుప్పు పట్టిన టార్చిలైటు, దాని కింద ఉన్ని మఫ్లరు, అన్నిటికంటే అడుగున అరచేతి కంటే కాస్త పెద్దదైన పుస్తకం ఒకటి ఉన్నాయి. పుస్తకానికి గోధుమరంగు సిమెంటు సంచి కాగితంతో అట్ట వేసి ఉంది. దాని మీద నాన్న గుండ్రటి అక్షరాల్లో నా పేరు, నా తరగతి. నేను నేల మీద చతికిలబడిపోయాను. నా జీవితంలో నేను అన్నిటికంటే ఎక్కువగా ప్రేమించిన పుస్తకం అది. నాకున్న ఒకే ఒక్క స్నేహాన్ని నా చేత పోగొట్టించిందీ అదే. పోగొట్టించింది అని పుస్తకం మీదకి నెట్టేస్తున్నాను గానీ, పోగొట్టుకున్నది నేనే.

మా చిన్నతనమంతా సీలేరులో గడిచింది. కొండ మీంచి దిగే లావుపాటి ఇనప గొట్టాలు, వాటి అడుగున పవర్ హౌసు, దానికి పైన వరసగా రేకుల కప్పుల క్వార్టర్లు. పగలూ రాత్రీ ఒకటే హోరు. అది ఆగితే తప్ప అది ఉందని మాకు తెలిసేది కాదు. ఆ హోరు మధ్య ఎనిమిదేసి గంటలు నిలబడీ నిలబడీ నాన్నకి చెవులు మందగించాయి. ఇంట్లో కూడా ఏటి అవతల ఉన్నవాళ్లతో మాట్లాడినట్టు మాట్లాడేవారు. ఆదివారం పొద్దున్న మా ఇంట్లో జరిగే తంతు కాలనీ మొత్తానికి వినపడేది. నాన్న నిచ్చెనేసుకుని కప్పు ఎక్కి యాంటెనా గొట్టాన్ని తిప్పుతూ 'వచ్చిందేటే?' అని అరిచేవారు. కింద నుంచి నేను 'రాలేదు నాన్నా' అని అరిచేదాన్ని. అది ఆయనకి వినపడేది కాదు. మా సిగ్నలు ఒరిస్సా వైపు రిలే కేంద్రం నుంచి కొండలు దాటుకుని రావాలి. దారిలో అది ఎంత అలిసిపోయేదో, మా నలుపు తెలుపు టీవీ దాకా వచ్చేసరికి బొమ్మ కంటే చుక్కలే ఎక్కువుండేవి. ఈలోగా అమ్మ ఉప్మాకి పోపు వేసేది. ఆవాల చిటపటలు, టీవీ చిటపటలు కలిసిపోయేవి.

ఆ పూట వచ్చే హిందీ అంతరిక్షం సీరియల్‌కి అసలు పేరేదో ఉండేది గానీ, మా కాలనీలో అందరికీ అది రాకెట్టు సీరియలే. ఒక ఆడ కెప్టెను, ఆవిడ వెనక ముగ్గురు మనుషులు, బోర్లించిన గిన్నెలాంటి తలతో ఒక మరమనిషి. వాళ్ల ఓడ పాడైపోయి ఎవరూ లేని ఒక గ్రహం మీద దిగిపోతారు. కెప్టెనమ్మ ఒళ్లంతా కప్పుకుని, ముఖానికి గుడ్డ అడ్డం కట్టుకుని, ఎదురుగాలికి వంగి నడిచేది. ఆవిడ చుట్టూ తెల్లటి చుక్కలు సుళ్లు తిరిగేవి. వార్తలు చదివే ఆవిడ మీద కూడా ఆ చుక్కలే పడేవి, అవి టీవీ చుక్కలని మాకు తెలుసు. కానీ కెప్టెనమ్మ దగ్గరికి వచ్చేసరికి అవి మంచు అయిపోయేవి. లేకపోతే ఆవిడ అలా కప్పుకుని నడవడం ఎందుకు? మా ఊళ్లో మార్గశిరంలో అందరూ అలాగే కదా నడుస్తారు. మా కొండల మీద వాన పడిన వారం అక్కడ మంచు ఎక్కువ కురిసేది. దానికి మేం ఏమాత్రం ఆశ్చర్యపోలేదు. మా నాయనమ్మ విజయనగరం దగ్గర పల్లె నుంచి వచ్చి మాతోనే ఉండేది. ఆవిడకి రాకెట్ల కంటే వ్యవసాయం ముఖ్యం. 'ఏటే గుంటా, ఆ ఊర్లో ఎప్పుడూ మంచేనా? ఆల్లకి పంటలెలా పండుతాయి?' అని ప్రతివారం అడిగేది. నేను ఆ చుక్కల్లోకి కళ్లార్పకుండా చూస్తూ, ఇంత పెద్ద లోకం ఇంత చిన్న పెట్టెలోకి ఎలా పట్టిందా అని నోరు తెరుచుకుని కూర్చునేదాన్ని.

గురుబారి మా కిటికీ దగ్గరికి వచ్చింది ఆ సీరియల్ కోసమే. గురువారం పుట్టింది కాబట్టి ఆ పేరు. కొండ మీది గూడెం పిల్ల, కాలనీ పక్కనున్న గిరిజన హాస్టల్లో ఉండి నా తరగతిలోనే చదివేది. ఆదివారం హాస్టలు పిల్లలు ఏటికి వెళ్లి బట్టలుతుక్కునేవాళ్లు. ఈ పిల్ల అందరికంటే బేగి ఉతికేసుకుని, తడి బట్టల మూట చంకలో పెట్టుకుని మా వరండాలో నిలబడి ఊచల్లోంచి చూసేది. వాకిట్లోనే ఉండు అని మా ఇంట్లో ఎవరూ ఆమెతో అనలేదు. లోపలికి రా అనీ ఎవరూ అనలేదు. చాలా వారాల తరవాత నేనే ఊచల ఇవతల నుంచి, ఇప్పుడా గిన్నె తలకాయ ఏమందో తెలిసిందా అని అడిగాను. మా ఇంట్లో హిందీ నాన్నకొక్కరికే వచ్చు, ఆయనకి వినపడదు. గురుబారి ఇంట్లో సగం ఒరియా మాట్లాడతారు, అందుకని హిందీ కూడా ఆమెకి సగం అర్థమయ్యేది. ఆ సగానికి మిగతా సగం తనే కలిపి చెప్పేసింది. ఆ రోజు నుంచి కిటికీకి అవతల ఆమె, ఇవతల నేను. ఆమె ఒంటి మీంచి ఏటి నీళ్ల వాసన, సబ్బు వాసన, ఒక్కోసారి దారిలో ఏరుకొచ్చిన ఉసిరికాయల వాసన వచ్చేవి. నేను ఆమెని లోపలికి పిలవలేదు. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది. అప్పుడు ఆ సంగతి నాకు తోచనైనా లేదు.

కాలనీ క్లబ్బులో ఒక ఇనప బీరువా నిండా కామిక్సులుండేవి. కొన్నిటికి అట్టలు లేవు, కొన్నిటికి మొదళ్లు లేవు, కొన్నిటికి చివరలు లేవు. నేను వాటిని లంగాలో దోపుకుని తెచ్చి కిటికీలోంచి ఒక్కో పేజీ ఆమెకి అందించేదాన్ని. ఒక ఆదివారం కరెంటు పోయింది. కరెంటు పుట్టే ఊళ్లో కూడా కరెంటు పోతుంది. సీరియల్ రాలేదు. ఏం జరిగి ఉంటుందో మనమే వేసుకుందాం అంది గురుబారి. అలా మొదలైంది మా కామిక్సు. కాగితం సిమెంటు సంచులది. స్టోర్స్ షెడ్డు వెనక పాత సంచులు పడుండేవి. వాటి లోపలి పొరలు శుభ్రంగా ఉంటే నాన్న కత్తిరించి, ఇస్త్రీ చేసినట్టు చదును చేసి, గూట్లో దొంతర పెట్టేవారు. ఇంటికి ఏ పుస్తకం వచ్చినా ఆ రోజే ఆ కాగితంతో అట్ట వేయకపోతే ఆయనకి అన్నం సయించేది కాదు. ఆ దొంతరలోంచి నేను కాజేసేదాన్ని. గురుబారి బొగ్గు ముక్కతో గీతలు గీసేది. గోధుమరంగు కాగితం మీద మంచు ఎలా వేస్తావని అడిగితే, సున్నంలో కాస్త జిగురు కలిపి చిటికెన వేలు ముంచి చుక్కలు పెట్టింది. వాళ్ల గూడెంలో ఎర్రమట్టి గోడల మీద వాళ్లమ్మ అలాగే పెడుతుందట. ఒక్కసారిగా ఆ కాగితంలో చలి పుట్టింది. నా చేతుల మీద రోమాలు లేచి నిలబడ్డాయి. అది గొప్పగా చెప్పుకునే మాట కాదు, నిజంగానే లేచాయి.

బొమ్మలు ఆమెవి, మాటలు నావి. తలల మీది బుడగల్లో నేను అచ్చుపుస్తకాల భాష నింపేదాన్ని. 'భయపడకండి మిత్రులారా, విజయం మనదే' లాంటివి. ఏం రాయాలో గురుబారి చెప్పేది గానీ, కెప్టెన్లు అలా మాట్లాడరు అని నేను మార్చేసేదాన్ని. ఆమె ఊరుకునేది. బొమ్మల విషయంలో మాత్రం నా మాట సాగేది కాదు. ఒక గడిలో కెప్టెనమ్మ కొండ నెత్తిన ఉంటుంది, పక్క గడిలో ఏటి ఒడ్డున ఉంటుంది. మధ్యలో దారేది, ఎలా దిగింది అని నేను అడిగాను. గురుబారి నన్ను వింతగా చూసి, 'దారి మనకి తెల్సు కదా' అంది. తరవాతి కాలంలో కామిక్సుల మీద పెద్దపెద్ద వ్యాసాలు చదివాను. రెండు గడుల మధ్య ఖాళీలో చదివేవాళ్ల మనసు ఎలా నడుస్తుందో పేజీలకి పేజీలు రాశారు. ఆ సంగతి కొండ ఎక్కి దిగుతూ పెరిగిన పదకొండేళ్ల పిల్ల నాకు ఒక్క ముక్కలో చెప్పేసింది. ఒక్క మొదటి పేజీలో మాత్రం నేను బుడగ నింపలేదు. ఓడ తలుపు తెరుచుకుని కెప్టెనమ్మ కొత్త గ్రహం మీద కాలు పెట్టేటప్పుడు అనే మొదటి మాట అది. ఎంతో గొప్పగా ఉండాలని రోజూ వాయిదా వేశాను. ఆ పేజీని గూట్లోనే దాచాను. తరవాతెప్పుడో వెతికితే అది అక్కడ లేదు. మిగతా పేజీలు గోనె దారంతో కుట్టుకుని బొత్తిగా చేసుకున్నాం.

అప్పుడొచ్చింది ఆ పుస్తకం. నాన్న ఏదో ఆఫీసు పని మీద నర్సీపట్నం వెళ్లి, బస్టాండు దుకాణంలో చూసి కొనుక్కొచ్చారు. మా రాకెట్టు సీరియల్‌నే నవలగా తెలుగులో అచ్చేశారు. అట్ట మీద కెప్టెనమ్మ ఫొటో, రాసినాయన పేరు ఎక్కడో అడుగున చీమంత అక్షరాల్లో. నేను ముట్టుకునే లోపే నాన్న దాన్ని లాక్కుని అట్ట వేసేశారు. ఆ సాయంత్రం గడప మీద కూర్చుని మొదలుపెట్టాను. టీవీలో కెప్టెనమ్మ నడవడమే చూశాను. నడుస్తూ ఆవిడ ఏమనుకుంటోందో ఇందులో ఉంది. ఆవిడకి భయమేస్తుందని నాకు అప్పుడే తెలిసింది. ఇంటి దగ్గర ఆవిడకో చెల్లెలుందనీ, నిద్రపట్టనప్పుడు ఆ పిల్ల జడ ఎన్ని పాయలుగా అల్లేదో గుర్తు చేసుకుంటుందనీ టీవీ ఎప్పుడు చెప్పింది? ఇలాంటి పుస్తకాలని పెద్దలు లెక్కలో వేయరు. సీరియల్ వేడి చల్లారకముందే ఎవరి చేతో హడావుడిగా రాయిస్తారని వెక్కిరిస్తారు. రాయించనీ. ఆ చీమంత పేరున్నాయన ఎవరో, ఏ గదిలో కూర్చుని రాశాడో, నాకు మనిషి బుర్రలోకి తలుపు తీసి చూపించాడు. నేను రాయడం నేర్చుకున్నది ఆయన దగ్గరే.

మూడో పేజీకి వచ్చాను. ఆ గ్రహం నిండా ఎర్రటి ఇసుకట. చుక్క నీరు లేదట. కెప్టెనమ్మ ముఖానికి గుడ్డ కట్టుకున్నది ఇసుక గాలికట. మంచు అన్న మాటే పుస్తకంలో ఎక్కడా లేదు. నేను మళ్లీ మళ్లీ చదివాను. నాకు కలిగింది నిరాశ కాదు. పుస్తకంలో ఉన్నది అచ్చయిన నిజం, మాది చదువురాని పిల్లల పొరపాటు అనిపించింది. ఎవరైనా చూస్తే నవ్వుతారనిపించింది. మర్నాడు బడి నుంచి వచ్చి, మా కామిక్సు బొత్తి ముందు పెట్టుకుని, తడిగుడ్డతో ఒక్కో పేజీ మీది మంచు తుడిచేశాను. సున్నంతో పాటు బొగ్గు కూడా కరిగింది. కొండలు చెరిగాయి, ఏరు చెరిగింది, కెప్టెనమ్మ ముఖం మసి మరకైంది. బాగు చేస్తున్నాననుకుంటూ ఆఖరి పేజీ దాకా తుడిచాను.

ఆదివారం గురుబారి వచ్చింది. నేను కిటికీలోంచి పుస్తకం చూపించి, మూడో పేజీ గట్టిగా చదివి వినిపించాను. అది మంచు కాదు, మనకి తెలీక తప్పు వేశాం, నువ్వు మళ్లీ వేద్దువుగాని, ఈసారి చుక్కలు లేకుండా వేయి అన్నాను. బొత్తి అందించాను. ఆమె ఊచల అవతల నిలబడి అన్ని పేజీలూ తిప్పింది. తొందరపడలేదు. అరవలేదు, ఏడవలేదు. 'పర్లేదులే' అని బొత్తి నాకు తిరిగి ఇచ్చేసి, తడి బట్టల మూట తీసుకుని వెళ్లిపోయింది. ఆ తరవాత ఆదివారాలు ఆమె మా కిటికీ దగ్గరికి రాలేదు. తరగతిలో పలకరిస్తే పలికేది. అంతకు మించి ఏమీ లేదు. ఆ ఏడాది ఆఖర్లో నాన్నకి మైదానానికి బదిలీ అయింది. లారీలో సామాను ఎక్కిస్తుంటే హాస్టలు వైపు చూశాను. ఎవరూ కనిపించలేదు. ఇంకా కొన్నేళ్లకి ఇంటింటికీ కేబులొచ్చింది, రంగులొచ్చాయి, పొద్దస్తమానం కార్టూన్లొచ్చాయి. నేను పిల్లల పత్రికలకి రాకెట్ల కథలు రాసి పేరు తెచ్చుకున్నాను. నా కథల్లో గ్రహాలన్నీ శాస్త్రం ప్రకారం సరిగ్గా ఉంటాయని అందరూ మెచ్చుకుంటారు. ఆ మెప్పు విన్నప్పుడల్లా నాకు ఆ తడిగుడ్డ గుర్తొస్తుంది.

ట్రంకు పెట్టె ముందు కూర్చుని చాలాసేపు ఆ పుస్తకాన్ని చేతిలో తిప్పాను. అట్ట అంచు చివికి, మడత ఊడింది. సరిచేద్దామని వేలు పెడితే లోపలి వైపు తెల్లగా ఏదో కనిపించింది. మెల్లిగా మడతలు విప్పాను. కాగితం లోపలి ముఖం నిండా మంచు కురుస్తోంది. గూట్లోంచి పోయిందనుకున్న మొదటి పేజీ అది. నాన్న ఆ రోజు దొంతరలో పైనున్న కాగితం తీసి, బొమ్మున్న వైపు లోపలికి పెట్టి అట్ట వేసేశారు. చూసుకోక వేశారో, చెడిపోకూడదని వేశారో ఇక అడగడానికి ఆయన లేరు. నేను రోజూ ఆ పుస్తకాన్ని చేత్తో పట్టుకుని చదివానే, అందులోని ఇసుకకి అటువైపు ఈ మంచు ఉన్న సంగతి నాకు తెలియలేదు. ఓడ తలుపు, కెప్టెనమ్మ, ఆవిడ తల మీద ఖాళీ బుడగ. ఆవిడ వెనక ఒక కొండ, నెత్తి దగ్గర గొడ్డలితో కొట్టినట్టు ఒక నొక్కు, పక్కనుంచి దిగే రెండు గీతలు. ఆ నొక్కు, ఆ ఇనప గొట్టాలు నాకు తెలుసు. మా క్వార్టరు వరండాలో నిలబడితే ఎదురుగా కనిపించే కొండ అది. చిన్నప్పుడు వంద సార్లు ఈ బొమ్మ చూశాను, ఒక్కసారైనా గుర్తుపట్టలేదు.

పది రోజుల తరవాత సీలేరు వెళ్లాను. గురుబారి వాళ్ల గూడెంలోనే అంగన్‌వాడీ టీచరుగా ఉందని బడి దగ్గర చెప్పారు. నేను వెళ్లేసరికి పిల్లలకి కోడిగుడ్లు ఒలిచి పెడుతోంది. జుట్టు కాస్త నెరిసింది. నన్ను ఒక్క క్షణం చూసి, 'సరళా' అని, చేతులు కడుక్కుని, లోపలికి రమ్మని చాప వేసింది. అంత మామూలుగా రమ్మంది. ఇద్దరం చాప మీద కూర్చున్నాక సంచిలోంచి కాగితం తీసి ఆమె ఒళ్లో పెట్టాను. ఆమె చిటికెన వేలితో చుక్కల్ని నెమ్మదిగా తడిమింది. నేను దారంతా కూడబలుక్కున్న క్షమాపణ మొదలుపెట్టాను. నువ్వు వేసినవన్నీ పాడు చేశాను, అది నిజంగా ఇసుకైతే మాత్రం నాకేం హక్కుంది అంటూ ఏదో అంటున్నాను. ఆమె మధ్యలో ఆపింది.

'అది ఇసకని నాకు ముందే తెల్సు,' అంది. 'డొంకరాయిలో మా పిన్ని పని సేసే ఇంట్లో రంగుల టీవీ ఉండేది. ఎండలప్పుడు, యేసంగి సెలవుల్లో అక్కడే సూసేను. మొత్తం ఎర్రగా ఉంది.'

మరి నాతో ఎందుకు చెప్పలేదని అడిగాను. పుస్తకం చూపించి పాఠం చెప్పినట్టు చెప్పాను కదా, అప్పుడైనా ఎందుకు అనలేదు?

'ఏటని సెప్పను? ఇసక మీద నడవడం నాకేటి తెల్సు. మంచులో మా అమ్మెనక సంతకి నడిసేదాన్ని, అది తెల్సు. ఆ కెప్టెనమ్మ మన కొండకొత్తే ఎలాగుంటాదో అదేసేను.' చుక్కల మీంచి వేలు తీసి, 'నువ్వు తప్పన్నావు. పుస్తకంలో మన కొండ లేదు కదా మరి, అందుకే ఊరుకున్నాను' అంది.

ముప్పై ఏళ్లుగా నేను చేస్తున్న పని ఏమిటి? దూరపు గ్రహాలకి మనుషుల్ని పంపిస్తున్నాను. ఆమె పదకొండేళ్ల వయసులో, బొగ్గు ముక్కతో, అక్కడి మనిషిని ఇక్కడికి దింపింది. దానికి సమానమైనది నేను రాసిన పుస్తకాల్లో ఎక్కడుందా అని వెతుక్కున్నాను, దొరకలేదు. బయట ఎదుటి కొండ నొక్కులోంచి మంచు దిగుతోంది. పిల్లలు పలకలు పట్టుకుని మా చుట్టూ మూగి బొమ్మని చూస్తున్నారు. ఈ కొండ మనదే అని ఒక పిల్ల ఇట్టే చెప్పేసింది.

గురుబారి బొమ్మని ఇంకా చూస్తూనే ఉంది. 'బుడగ ఖాళీగా ఉందేటి? ఇంకా రాయలేదా?' అంది. లేదన్నాను. హాజరు రిజిస్టరు మీదున్న పెన్ను తీసి నా చేతికిచ్చింది. ఏం రాయమంటావు, నువ్వే చెప్పు అన్నాను. ఆమె కెప్టెనమ్మని కాసేపు చూసి, వెనక ఓడలో ఉన్నవాళ్లని పిలుస్తున్నట్టు చెప్పింది.

'బేగి దిగండి, అంబలి సల్లారిపోతంది.'

రాశాను. ఒక్క మాట కూడా మార్చలేదు.